పాడేటప్పుడు ఒళ్ళు ఎలా ఉండాలి?

వ్రాసినది: 9వ తరగతి విద్యార్థిని



పోయిన సంచికలో నేను "కన్ను – దాని భాగములు" అనే వ్యాసం వ్రాశాను. అది పాఠ్యపుస్తకంలో ఉన్నదే కాబట్టి ఎవరూ చదవలేదు. బొమ్మ మాత్రం బాగుందన్నారు. ఈసారి పుస్తకంలో లేని పాఠం వ్రాస్తున్నాను. ఇది సైన్సు పాఠమూ, సంగీతం పాఠమూ కలిసినది. కొంచెం పొడుగ్గా ఉంటుంది కనుక రెండు చార్టుల మీద అంటించాము. ఎడమ వైపు చార్టు ముందు చదవండి.

సంగతి ఏమిటంటే, పోయిన ఏడాది వార్షికోత్సవానికి నన్ను ఒక్కదాన్నే మైకు ముందు పాడటానికి ఎన్నుకున్నారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పల్లవి బాగానే వచ్చేది. చరణంలో పైకి వెళ్ళే చోట గొంతు పట్టేసేది. వెంటనే దగ్గు వచ్చేది. రిహార్సల్లో మూడు రోజులు అలాగే జరిగింది. నాలుగో రోజు "ఈ అమ్మాయికి గొంతు లేదు, కోరస్‌లో పెట్టేయండి" అని చెప్పేశారు. ఎవరు చెప్పారో ఇక్కడ వ్రాయను. నన్ను వెనక వరసలో నిలబెట్టారు.

మా ఇంట్లో బడికి వచ్చినది నేనే మొదలు. మా అమ్మకు, నాన్నకు సంతకం రాదు. కానీ పాట మా ఇంట్లో అందరికీ వచ్చు. నాట్లకు పాట, పెళ్ళికి పాట, మామిడి పండగకు పాట. నేను కూడా చిన్నప్పుడు నానమ్మ వెనకాల పాడుకుంటూ పోడుకు వెళ్ళేదాన్ని. అప్పుడు గొంతు ఎప్పుడూ పట్టేయలేదు. మరి ఇప్పుడేమైంది? చదువు వచ్చింది గానీ పాట పోయిందా అని నాకు భయం వేసింది. ఆ రాత్రి అన్నం తినలేదు.

తరువాత ఒక సంగతి గమనించాను. కుళాయి దగ్గర బట్టలు ఉతికేటప్పుడు అదే పాట, అదే చరణం, అస్సలు ఇబ్బంది లేకుండా వచ్చేస్తోంది! గొంతు చెడిపోతే కుళాయి దగ్గర కూడా చెడిపోవాలి కదా. స్టేజీ మీద మాత్రమే చెడిపోయే గొంతు ఎక్కడైనా ఉంటుందా? ఈ ప్రశ్న సైన్సు సార్‌ని అడిగాను. సార్ నవ్వలేదు. "ఈ ప్రశ్న నీకంటే ముందు ఒకాయన అడిగాడమ్మా" అన్నారు. వారం తరువాత ఆయన గురించి చదివి వచ్చి చెప్పారు. ఇప్పుడు నేను మీకు చెబుతున్నాను.

ఆయన పేరు ఎఫ్. ఎం. అలెగ్జాండర్. 1869లో ఆస్ట్రేలియాకు కింద ఉన్న టాస్మేనియా దీవిలో పుట్టాడు. (అట్లాసులో చూడండి, 8వ తరగతి బల్ల మీద ఉంది.) ఆయన నాటకాలలోని భాగాలను, పద్యాలను స్టేజీ మీద చదివి వినిపించేవాడు. అప్పట్లో మైకులు లేవు కనుక హాలు చివరి దాకా వినబడేలా గట్టిగా చెప్పాలి. కొన్నాళ్ళకు ఆయనకు స్టేజీ మీద గొంతు బొంగురు పోవడం మొదలైంది. డాక్టర్లు గొంతుకు విశ్రాంతి ఇమ్మన్నారు. ఇచ్చాడు. ప్రదర్శన మొదట్లో గొంతు బాగుంది. సగానికి వచ్చేసరికి మళ్ళీ బొంగురు. చివరికి మాటే రాలేదు.

ఇక్కడే ఆయన తెలివి చూడండి. "ప్రదర్శనకు ముందు బాగున్న గొంతు ప్రదర్శనలో చెడింది అంటే, ప్రదర్శనలో నేనే ఏదో చేస్తున్నాను. అదేమిటి?" అని ఆలోచించాడు. డాక్టరుకు అది తెలియదు. ఆయనకీ తెలియదు. కనుక అద్దం ముందు నిలబడి చూసుకోవడం మొదలుపెట్టాడు. మామూలుగా మాట్లాడినప్పుడు పెద్దగా ఏమీ కనబడలేదు. పద్యం ఎత్తుకోగానే మూడు పనులు కనబడ్డాయి. తలను వెనక్కి లాగుతున్నాడు. స్వరపేటికను కిందికి నొక్కుతున్నాడు. నోటితో సర్రుమని గాలి పీలుస్తున్నాడు. తరువాత ఇంకా చూస్తే, ఈ బిగువు గొంతులోనే కాదు, ఒళ్ళంతా ఉంది. కాలి వేళ్ళ దాకా ఉంది. ఎందుకంటే ఇంతకుముందు ఆయనకు నేర్పిన గురువు "పాదాలతో నేలను పట్టుకో" అని చెప్పాడట. ఈయన మంచి శిష్యుడు కనుక నిజంగానే పట్టుకున్నాడు!

ఇది వినగానే నాకు నవ్వు వచ్చింది, వెంటనే నా కాలి వేళ్ళ వైపు చూసుకున్నాను.

మా గదిలో పెద్ద అద్దం లేదు. వార్డెన్ మేడమ్ గారు తమ అద్దం ఆదివారం ఒక గంట ఇచ్చారు. నేను పాడాను, నా స్నేహితురాళ్ళు ఇద్దరు పక్క నుంచి చూశారు. అద్దం ఒక్కటే చాలదు, ఎందుకంటే పక్కకు చూస్తే మెడ తిరిగిపోతుంది. అలెగ్జాండర్ కూడా తరువాత మరో రెండు అద్దాలు పెట్టుకున్నాడట. మాకు అద్దాలు లేవు కనుక కళ్ళు పెట్టుకున్నాం.

పల్లవి అయ్యేదాకా వాళ్ళేమీ అనలేదు. చరణం ఎత్తుకోబోతుండగా ఒకామె, "ఒసే, నీ మోకాళ్ళు చూడవే, కర్రల్లా అయిపోయాయి" అంది. రెండో ఆమె, "గడ్డం పైకి లేచింది, మెడ వెనక మడత పడింది" అంది. నేను ఒప్పుకోలేదు. నా గడ్డం కదలలేదని గట్టిగా చెప్పాను. అప్పుడు అద్దంలో చూశాను. పైకి లేచే ఉంది. నాకు మాత్రం తిన్నగా ఉన్నట్టే అనిపిస్తోంది! ఈ సంగతి కూడా అలెగ్జాండర్‌కి జరిగింది. తలను ముందుకు పెట్టాననే అనుకున్నాడు, అద్దంలో చూస్తే వెనక్కే ఉంది. అనగా అలవాటైన వంకర మనకు తిన్నగా అనిపిస్తుంది, తిన్నగా ఉంటే వంకరగా అనిపిస్తుంది. ఒంటి కబురును నమ్మడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

మరి నాకు ఈ బిగువు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది వ్రాయాలా వద్దా అని ఆలోచించాను. తెలుగు టీచర్ గారు వ్రాయమన్నారు. స్టేజీ ఎక్కగానే నేను అటెన్షన్‌లో నిలబడుతున్నాను. ఛాతీ ముందుకు, పొట్ట లోపలికి, మోకాళ్ళు బిగించి, గడ్డం పైకి. బడిలో చేరిన మొదటి రోజు నుంచి నేర్చుకున్నది అదే. "నిటారుగా నిలబడు" అంటే నాకు అదే అర్థం. జెండా వందనానికి అది సరే, రెండు నిమిషాల్లో అయిపోతుంది. పాటకు పనికిరాదు. కుళాయి దగ్గర ఎవరూ అటెన్షన్ చెప్పరు కనుక పాట వచ్చేసింది.

ఇంక భయం సంగతి. వెనక నుంచి ఎవరైనా టప్‌మని టపాసు పేలిస్తే ఏమవుతుంది? భుజాలు పైకి లేస్తాయి, మెడ లోపలికి పోతుంది, ఊపిరి ఆగుతుంది. తాబేలు లాగా. స్టేజీ భయం కూడా అలాంటిదే. టపాసు ఒక్క క్షణంలో అయిపోతుంది, స్టేజీ భయం పాట అయ్యేదాకా ఉంటుంది. నా వరకు చెబితే అటెన్షనూ, తాబేలూ రెండూ ఒకేసారి చేస్తున్నాను. ఇంక గొంతు ఏం చేస్తుంది పాపం.

ఇప్పుడు అసలు పాఠం. పుస్తకం పక్కన పెట్టి మీ ఒంటి మీద చేసి చూడండి.

తల ఎక్కడ మొదలవుతుంది? చాలామంది మెడ వెనక, జాకెట్టు అంచు దగ్గర వేలు పెడతారు. నేనూ అక్కడే పెట్టాను. తప్పు. రెండు చెవుల్లో రెండు వేళ్ళు పెట్టుకుని "ఔను ఔను" అని మెల్లగా తల ఊపండి. తల కదిలేది ఆ రెండు వేళ్ళ మధ్యన. వెన్నెముక అంత పైదాకా వెళ్ళి అక్కడ తలను మోస్తుంది. మెడలో 7 వెన్నుపూసలు ఉంటాయి. (జిరాఫీకి కూడా ఏడే! కాకపోతే అవి పెద్దవి.) పెద్దవాళ్ళ తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు ఉంటుంది. మన మెస్సులో అయిదు కిలోల నూనె డబ్బా ఉంది కదా, దాన్ని చేయి చాచి పట్టుకుంటే ఎంతసేపు పట్టుకోగలం? అదే నెత్తి మీద పెట్టుకుంటే? తల కూడా వెన్నెముక మీద కుదురుగా ఉంటే కండరాలకు పని తక్కువ. ముందుకు వాలినా, వెనక్కి పడినా మెడ కండరాలు దాన్ని పట్టి లాగుతూనే ఉండాలి. స్వరపేటిక ఉన్నది ఆ మెడలోనే. దాని లోపల స్వరతంత్రులు సాగితే స్వరం హెచ్చుతుంది, వదులైతే తగ్గుతుంది. చుట్టూ ఉన్న పెద్ద కండరాలు బిగుసుకుంటే లోపలి చిన్న కండరాలు తమ పని తాము చేసుకోలేవు. నా చరణం అక్కడే ఆగిపోయింది.

ఊపిరి. "పొట్టలోకి గాలి పీల్చు" అంటారు. పొట్టలోకి గాలి వెళ్ళదు. ఊపిరితిత్తులు పక్కటెముకల లోపలే ఉంటాయి, వాటి పై కొసలు మెడ కింద అడ్డంగా ఉండే ఎముక కన్నా కొంచెం పైకి కూడా ఉంటాయి. వాటి కింద ఉదరవితానం ఉంది. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగి పేగులను, కాలేయాన్ని నొక్కుతుంది. అవి ఎక్కడికి పోతాయి? అందుకే పొట్ట ముందుకు వస్తుంది. పొట్టను లోపలికి బిగించి నిలబడితే ఉదరవితానానికి దిగడానికి చోటు ఉండదు. అప్పుడు భుజాలు పైకెత్తి ఊపిరి లాక్కుంటాం. అది సరిపోదు. 12 జతల పక్కటెముకలు ఉన్నాయి కదా, అవి వెనక వెన్నెముకతో కీళ్ళతో కలుస్తాయి. అనగా ఊపిరి తీసినప్పుడు వీపు కూడా కదలాలి. మీ పక్కన ఉన్న అమ్మాయి వీపు మీద రెండు అరచేతులు పెట్టి చూడండి. అటెన్షన్‌లో కదలదు. వదులుగా నిలబడితే కదులుతుంది.

చేయి. ఇది వాయిద్యం వాయించేవాళ్ళకు. చేయి భుజం దగ్గర మొదలవుతుంది అనుకుంటాం. కానీ చేతి ఎముకలు మొండెం ఎముకలతో కలిసే కీలు ఒక్కటే. అది గొంతు గుంట పక్కన, మెడ కింది అడ్డ ఎముక ఉరోస్థిని కలిసే చోట ఉంది. అక్కడ వేలు పెట్టి చేయి పైకెత్తండి, కదులుతుంది. భుజాలను బిగించి వెనక్కి లాగి పెట్టుకుంటే చేతిలో సగం కదలిక పోయినట్టే.

మోకాళ్ళ గురించి ఒక్క మాట. వాటిని వెనక్కి నెట్టి తాళం వేసినట్టు బిగించకూడదు, వంచనూ కూడదు. మధ్యలో ఉంచాలి.

ఇంతే పాఠం. ఇందులో కష్టమైనది తెలుసుకోవడం కాదు, చేయకుండా ఉండటం. అలెగ్జాండర్ కూడా అదే కష్టం పడ్డాడు. "తల వెనక్కి లాగను" అనుకుంటాడు, పద్యం మొదలుపెట్టగానే లాగేస్తాడు. చివరికి ఏం చేశాడంటే, మాట్లాడాలి అనుకోగానే వెంటనే మాట్లాడకుండా ఆగేవాడు. ఆగి, మెడ వదిలి, అప్పుడు మాట్లాడటమో, మానేయడమో, చేయి ఎత్తడమో నిర్ణయించుకునేవాడు. 1904లో లండన్ వెళ్ళి అక్కడ నటులకు, పాటగాళ్ళకు, ఇంకా ఎందరికో నేర్పాడు. 1932లో తన అద్దం కథను పుస్తకంగా వ్రాశాడు. 1955లో చనిపోయాడు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సంగీత విద్యార్థులకు ఇప్పుడు ఇది నేర్పుతున్నారు. 1973లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త టిన్‌బర్గెన్ తన ఉపన్యాసంలో కొంత భాగం అలెగ్జాండర్ గురించి మాట్లాడాడు. జంతువుల ప్రవర్తన మీద బహుమతి ఇస్తే ఈయన గురించి మాట్లాడటం కొందరికి వింతగా అనిపించి ఉంటుంది. సార్ ఇంకోటి కూడా చెప్పారు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 579 మంది నడుం నొప్పివాళ్ళ మీద చేసిన పరీక్ష వచ్చిందట. అలెగ్జాండర్ పాఠాలు నేర్చుకున్నవాళ్ళకు నొప్పి ఉన్న రోజులు తగ్గాయి. "అయితే అది నడుం నొప్పికి, పాటకు కాదు. రెండూ కలిపి వ్రాసేయకు" అని కూడా చెప్పారు. కలపలేదు సార్.

(ఇక్కడి నుంచి కుడి వైపు చార్టు.)

ఇదంతా విదేశాల సంగతి, మన దగ్గర ఏముంది అని మీరు అడుగుతారు. మన దగ్గర చాలా ఉంది, కాకపోతే దానికి పేరు పెట్టలేదు.

వీణను చూడండి. మన గోదావరి జిల్లాల వారే ఇద్దరు గొప్ప వైణికులు ఉన్నారు. ఈమని శంకరశాస్త్రి గారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు 1936లో కాకినాడలో పుట్టారు. వీణ సుమారు నాలుగడుగుల పొడవు ఉంటుంది. దాన్ని చేతులతో మోస్తే ఇంక వాయించేదెలా? అందుకే కింద కాళ్ళు మడుచుకుని కూర్చుంటారు. పెద్ద కుండ కుడి వైపు నేల మీద ఆనుతుంది, రెండో వైపు చిన్న బుర్ర ఎడమ తొడ మీద ఆనుతుంది. బరువంతా నేల, తొడ మోస్తాయి. ఎడమ చేయి కింది నుంచి వచ్చి 24 మెట్ల మీద హాయిగా తిరుగుతుంది, తీగను పక్కకు లాగి గమకం పలికిస్తుంది. అంటే కూర్చునే పద్ధతిలోనే సగం సంగీతం ఉంది. కానీ మెట్లు కనబడాలని మెడ వంచేసి గంటలు గంటలు కూర్చుంటే మాత్రం మెడ పట్టేస్తుంది. మనం హోంవర్కు చేసేటప్పుడు పట్టేసినట్టే.

వయొలిన్ కథ ఇంకా బాగుంటుంది. అది పడమటి దేశాల నుంచి వచ్చింది. అక్కడ నిలబడో, కుర్చీలో కూర్చునో, గడ్డానికీ భుజానికీ మధ్య ఇరికించి వాయిస్తారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. మనవాళ్ళు వాయిద్యాన్ని మార్చలేదు, పట్టుకోవడాన్ని మార్చేశారు. కింద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మడమ పక్కన ఆనించి, రెండో కొసను ఎడమ ఛాతీకి, భుజానికి ఆనిస్తారు. రెండు వైపులా ఆనింది కనుక ఎడమ చేయి దాన్ని పట్టుకోనక్కరలేదు. తీగ మీద పైకీ కిందికీ జారవచ్చు. మన గమకాలకు ఆ జారుడే కావాలి. విజయనగరం సంగీత కళాశాలలో 1919 నుంచి ఆచార్యులుగా, 1936 నుంచి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇలాగే కూర్చుని ఆంధ్ర దేశానికంతా పేరు తెచ్చారు.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. యెహుదీ మెనూహిన్ అని అమెరికాలో 1916లో పుట్టిన వయొలిన్ విద్వాంసుడు. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే ప్రపంచం అంతా మెచ్చుకుంది. చిన్నప్పుడు ఎలా వాయిస్తున్నాడో తనకే తెలియకుండా వాయించేశాడు. పెద్దయ్యాక ఒళ్ళు బిగుసుకుని, నొప్పులు వచ్చి, కమాను చేయి మాట వినడం మానేసింది. ఎలా చేస్తున్నానో తెలియనప్పుడు పాడైతే బాగుచేసుకోవడం ఎలా? నాకైతే నా కథ లాగానే అనిపించింది (ఆయనంత గొప్పదాన్ని కాదు లెండి). 1952లో ఆయన మన దేశం వచ్చాడు. అప్పుడే ద్వారం గారి వయొలిన్ విని మెచ్చుకున్నాడు. అదే పర్యటనలో బొంబాయిలో యోగా గురువు బి. కె. ఎస్. అయ్యంగార్‌ని కలిశాడు. ఆయన దగ్గర ఆసనాలు నేర్చుకున్నాడు. 1954లో అయ్యంగార్‌కి ఒక చేతి గడియారం బహుమతి ఇచ్చాడు. దాని వెనక "నా ఉత్తమ వయొలిన్ గురువుకు" అనే అర్థం వచ్చేలా చెక్కించాడు. అయ్యంగార్‌ వయొలిన్ గురువు కాదు! అయినా అలా చెక్కించాడు.

పాట సంగతికి వస్తే మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే కచేరీ చేశారు, 2016లో చనిపోయారు. కంప్యూటర్ ల్యాబ్‌లో సార్ ఆయన కచేరీ వీడియో చూపించారు. నేను పాట వినకుండా మెడను మాత్రమే చూశాను. పై స్థాయికి వెళ్ళినప్పుడు కూడా ముఖం నవ్వుతూనే ఉంది, నరాలు ఉబ్బలేదు. మళ్ళీ రెండోసారి పెట్టించుకుని అప్పుడు పాట విన్నాను.

ఇంక గరగలు మీరు చూసే ఉంటారు, గోదావరి జిల్లాల్లో అమ్మవారి జాతరల్లో నెత్తిన గరగ పెట్టుకుని వాయిద్యాలకు తగ్గట్టు ఆడతారు. పాదాలు ఎంత వేగంగా పడుతున్నా తల మీది గరగ కదలదు. మెడ బిగించి ఆడితే అడుగు అడుగుకీ దెబ్బ నేరుగా తలకు తగులుతుంది, గరగ పడిపోతుంది. చీలమండ, మోకాలు, తుంటి అన్నీ వదులుగా ఉండి ఆ దెబ్బను మింగేయాలి.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నానమ్మకు ఈ పాఠం అంతా చెప్పాను. తల, మెడ, ఏడు పూసలు అన్నీ. నానమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, దాని మీద నీళ్ళ కుండ ఎత్తుకుని, "బుర్ర ఎనక్కి పడేత్తే కుండ ఉంటదేటే?" అంది. అంతే. మళ్ళీ పాట ఎత్తుకుని వాగు గట్టు ఎక్కేసింది. ఆమెకు అరవై దాటాయి. నేను వెనకాల ఖాళీ బిందెతో ఎక్కి ఆయాసపడ్డాను. అప్పుడు నాకు అర్థమైంది, నా పాట చదువు వల్ల పోలేదు. కుండ దించేశాక నా తల ఎక్కడ పెట్టుకోవాలో మర్చిపోయాను, అంతే. రోజూ బరువులు మోయడం మంచిదని మాత్రం నేను అనడం లేదు. నానమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి.

మా నాన్నకు మెడ నొప్పి ఉంది. ఆయన డోలు కొడతాడు. డోలుకు తాడు కట్టి మెడలో వేసుకుని పెళ్ళిళ్ళలో రాత్రంతా కొడతాడు. రెండేళ్ళుగా మెడ పక్కకు తిరగడం లేదు. ఈ పండగకు కొట్టలేనేమో అని అమ్మతో అంటుంటే విన్నాను. మా తమ్ముడికి ఇంకా పదేళ్ళే, డోలు ఎత్తలేడు. నాన్న మానేస్తే మా ఇంట్లో డోలు ఆగిపోతుంది. నేను ధైర్యం చేసి, "నాన్నా, ఒకసారి కొట్టు, నేను చూస్తాను" అన్నాను. "ఏటే, డోలు కొట్టడం నాకు నేర్పుతావేటి? పుస్తకంలో రాసిందా?" అని నవ్వాడు. కానీ కొట్టాడు. చూస్తే, బరువంతా మెడ మీదే వేలాడుతోంది. ఆ బరువుకు ఎదురు లాగడానికి తల ముందుకు పెట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తుతున్నాడు. దెబ్బ దెబ్బకూ కింది పెదవి కూడా బిగిస్తున్నాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. తాడును మెడ మీంచి తీసి భుజం మీదుగా అడ్డంగా వేసుకోమన్నాను, వెడల్పుగా ఉండాలని నా పాత ఓణీ మడత పెట్టి తాడు కింద వేశాను. పాదాలు కొంచెం ఎడంగా పెట్టమన్నాను. పెదవి వదలమంటే నవ్వు ఆపుకోలేక రెండు సార్లు తాళం తప్పాడు. మూడోసారి చాలాసేపు కొట్టాడు. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఓణీని తాడుకు కుట్టేసుకున్నాడు. నొప్పి పోయిందా అని అడిగితే, "పోలేదు, కొంచెం ఊరుకుంది" అన్నాడు. ఆసుపత్రికి కూడా వెళ్ళమని చెప్పి వచ్చాను.

అవును, ఇది మీకు కూడా చెప్పాలి. గొంతు రెండు మూడు వారాలకు పైగా బొంగురుగానే ఉంటే అద్దం ముందు నిలబడితే సరిపోదు, డాక్టరుకు చూపించుకోవాలి. చేతులు తిమ్మిర్లు ఎక్కినా అంతే. ఇది అన్నిటికీ మందు కాదు.

నేను ఏం చేస్తున్నానంటే, రోజూ స్టడీ అవర్‌కు ముందు పది నిమిషాలు వెల్లకిలా పడుకుంటాను. తల కింద రెండు నోటు పుస్తకాలు, మోకాళ్ళు పైకి మడిచి, పాదాలు నేల మీద. నిద్ర పోకూడదు (మొదటి వారం పోయాను). వీపు నేల మీద పరుచుకోవడం తెలుస్తుంది. తరువాత లేచి పాట ఎత్తుకోబోయి ఆగుతాను. గడ్డం ఏం చేయబోతోందో చూస్తాను. అది లేవబోతుంటే పాడను. మళ్ళీ మొదలు. ఒక్కోసారి పది నిమిషాలూ ఒక్క ముక్క పాడకుండానే అయిపోతుంది. మొదట్లో నా స్నేహితురాళ్ళు "ఇదేం సాధన, నోరే తెరవదు" అని వెక్కిరించారు. పాడినప్పుడు మాత్రం చరణం వచ్చేస్తోంది. కుళాయి దగ్గర కాదు, హాల్లో, అందరి ముందు. ఇంకా రెండు చోట్ల గొంతు పట్టేస్తుంది, ముఖ్యంగా ఎవరైనా పెద్దవాళ్ళు లోపలికి వస్తే. అప్పుడు నా కాలి వేళ్ళు చూడండి, నేలను పట్టుకునే ఉంటాయి.

ఈ ఏడాది వార్షికోత్సవానికి పేర్లు వచ్చే సోమవారం నుంచి తీసుకుంటారట. నేను నా పేరు ఇస్తున్నాను. కోరస్‌కు కాదు, ఒక్కదానికే.

ప్రతి శనివారం సాయంత్రం డైనింగ్ హాలు వెనక వరండాలో ఈ సాధన చేస్తున్నాం. ఇప్పటికి అయిదుగురం. డప్పు నేర్చుకుంటున్న ఏడో తరగతి చెల్లెళ్ళు కూడా రావచ్చు. అద్దం వార్డెన్ మేడమ్ గారిది కనుక జాగ్రత్తగా వాడాలి. ఎవరి దుప్పటి వాళ్ళు తెచ్చుకోండి, నేల చల్లగా ఉంటోంది.